ఆఫీసులో ఆడవాళ్ల గ్రూపు నడపడమే ఇంకో ఉద్యోగమైంది. ఆపేయమంటారా?

అర్ధరాత్రి_డిప్లాయ్ | శుక్రవారం రాత్రి 11:52

నమస్తే అండీ. ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇవాళ రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

కొండాపూర్‌లో ఉంటాం. ఒక ప్రోడక్ట్ కంపెనీలో బ్యాకెండ్ లీడ్‌ని. బాబు ఒకటో తరగతి. మా ఆఫీసులో ఆడవాళ్ల గ్రూపు ఒకటుంది. ముగ్గురం కలిసి మొదలుపెట్టాం. ఒకామె కెనడా వెళ్లిపోయింది, ఇంకొకామె మెటర్నిటీ లీవు. మిగిలింది నేను.

మొదట్లో దానికి పేరు కూడా లేదు. బుధవారం నాలుగింటికి కెఫెటేరియాలో మూల టేబుల్ దగ్గర టీ, అంతే. టెస్టింగ్‌లో ఒకమ్మాయికి రేటింగ్ ఎందుకు తగ్గిందో మేనేజర్‌ని ఎలా అడగాలో అక్కడే చెప్పాం. ఇంకొకామెకి పీసీఓడీకి మంచి డాక్టర్ దొరికింది. ఆన్‌సైట్ చాన్స్ వస్తే అత్తగారు వద్దంటున్నారని ఒకమ్మాయి ఏడిస్తే, పక్కన కూర్చున్నావిడ "మా అత్తగారూ అంతే. వెళ్లొచ్చాక ఊరంతా ఆవిడే చెప్పుకుంది" అని నవ్వించింది.

తర్వాత హెచ్‌ఆర్ కంట్లో పడింది. లోగో వచ్చింది. మూణ్నెల్లకి ఇన్ని ఈవెంట్లని లెక్క వచ్చింది. గెస్టు, ఫీడ్‌బ్యాక్ ఫారం, లింక్డిన్‌లో ఫొటో. బడ్జెట్ అడిగితే మాత్రం "చూద్దాం". హాలు బుక్ చేసేదీ, సమోసాలు ఆర్డరిచ్చేదీ, గెస్టుని గేటు దగ్గర్నుంచి పాస్ రాయించి తీసుకొచ్చేదీ, ఎంతమంది వచ్చారో ఎక్సెల్‌లో ఎక్కించేదీ నేనే.

మొన్న మార్చి 8 ప్రోగ్రాం నాడు ఆన్‌కాల్ కూడా నాదే, అంటే సిస్టమ్ పడిపోతే వెంటనే చూసే వంతు. లోపల వర్క్ లైఫ్ బ్యాలెన్స్ మీద ప్యానెల్ నడుస్తోంది. స్టేజీ వెనకాల స్పీకర్ బాక్స్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, జారిపోతున్న కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని, డేటాబేస్ కనెక్షన్లు నిండిపోయి పడిపోయిన సర్వీసుని ఇంకో చేత్తో లేపుతున్నా. మధ్యలో ఎవరో వచ్చి "మేడమ్, రోజా పూలు సరిపోలేదు" అన్నారు.

అప్రైజల్‌లో మా మేనేజర్ అన్న మాట: "కల్చర్‌కి మీ కాంట్రిబ్యూషన్ సూపర్. టెక్నికల్ ఇంపాక్ట్ మాత్రం ఈసారి కొంచెం తగ్గింది."

కోపం కూడా రావడంలేదు. ఆదివారం సాయంత్రమైతే చాలు, కడుపులో ఏదో తిప్పుతుంది. గ్రూపు ఆపేస్తే కొత్తగా చేరే పిల్లలకి ఎవరూ ఉండరు. నడిపితే నేనుండేలా లేను. ఏం చెయ్యమంటారు?

టెస్టింగ్_తాయారు | శనివారం ఉదయం 6:10

పూలు సరిపోలేదా! ప్రొడక్షన్ పడిపోయినా ఎవరికీ పట్టలేదు గానీ.

నేను ఒక్కటే చెప్తా. సమోసాలు ఆపేయండి. రేపటి నుంచే. సమోసా లేదని రానివాళ్లు ఎలాగూ మీ గ్రూపుకి పనికొచ్చేవాళ్లు కారు.

పదమూడో_అంతస్తు | శనివారం ఉదయం 8:35

సమోసా సంగతి తర్వాత. ముందు మీ ఆదివారం సాయంత్రం గురించి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌కి ఒక నిర్వచనం ఇచ్చింది. వాళ్ల లెక్కలో అది జబ్బు కాదు, పనిచేసే చోట వచ్చే స్థితి. ఎంతకీ తగ్గని ఒత్తిడిని సంభాళించుకోలేకపోయినప్పుడు మూడు రకాలుగా బయటపడుతుందంటారు. ఒంట్లో శక్తి లేకపోవడం, పనంటే విరక్తి, చేసిన పని దేనికీ కొరగాదనిపించడం. మీరు "కోపం కూడా రావడంలేదు" అన్నారు చూడండి, అది రెండోదానికి దగ్గరగా ఉంది.

అయితే అన్నిటికీ బర్నౌట్ అని పేరు పెట్టేసి కూర్చోవద్దు. థైరాయిడ్, హిమోగ్లోబిన్, విటమిన్ డి ఒకసారి చూపించుకోండి. రక్తం తక్కువైనా ఇలాగే ఉంటుంది. నిద్ర, ఆకలి వారాల తరబడి సరిగా లేకపోయినా, బతకాలని లేదన్న ఆలోచన ఏ కొంచెం వచ్చినా 14416కి ఫోన్ చెయ్యండి. కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టిన టెలీ మానస్ అది. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ తీస్తారు, తెలుగులో మాట్లాడొచ్చు.

ఇంకో విషయం. ఆ నిర్వచనం ఉద్యోగానికి మాత్రమే, జీవితంలో మిగతావాటికి వాడకూడదని వాళ్లే రాశారు. అంటే ఆఫీసు నుంచి వచ్చి మనం ఎక్కే రెండో షిఫ్టు, అదే ఇంటి పని, అందులో లేదు.

కోడ్_బాబాయ్ | శనివారం ఉదయం 9:20

తప్పుగా అనుకోకండి. మగవాళ్లకి ఆన్‌కాల్ లేదా, ఆదివారం సాయంత్రం రాదా? దీన్ని ఆడవాళ్ల సమస్య అని ఎందుకు విడదీస్తారో నాకు అర్థం కాదు. లేఆఫ్ లిస్టులో పేరుంటే ఆడా మగా చూడరు.

టెస్టింగ్_తాయారు | శనివారం ఉదయం 9:31

బాబాయ్ గారూ, మీ ఆఫీసులో బర్త్‌డే కేకు ఎవరు తెప్పిస్తారు?

పదమూడో_అంతస్తు | శనివారం ఉదయం 10:05

అడిగారు కాబట్టి చెప్తా, గొడవకి కాదు. 2024లో కేంద్రం చేసిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం ఇంటి పనులు చేసే ఆడవాళ్లు వాటికి రోజుకి సగటున 289 నిమిషాలు పెడుతున్నారు. చేసే మగవాళ్లు 88 నిమిషాలు. పిల్లల్ని, పెద్దవాళ్లని చూసుకోవడం ఇందులో లేదు, దానికి వేరే లెక్క. దేశమంతటి సగటే అనుకోండి, గచ్చిబౌలిలో కుక్కర్ పెట్టే ఇల్లు వేరేలా ఉండొచ్చు. అయినా ఎంతో కొంత తేడా మీ ఇంట్లోనే కనబడుతుంది, గడియారం పెట్టి చూడండి.

కేకు సంగతీ ఊరికే అడగలేదు తాయారు. లిండా బాబ్‌కాక్, లీజ్ వెస్టర్‌లండ్ అనే ఆర్థికవేత్తలు, మరో ఇద్దరు కలిసి 2017లో ఒక పరిశోధన అచ్చువేశారు. ఎవరో ఒకరు చెయ్యక తప్పదు, కానీ చేసినవాళ్లకి ఒరిగేదేమీ లేదు. అలాంటి పనికి ఎవరు ముందుకొస్తారని చూశారు. ఆడా మగా కలిసున్న గుంపులో ఆడవాళ్లే ఎక్కువగా చెయ్యెత్తారు. చిత్రమేమిటంటే, అందరూ మగవాళ్లే ఉన్న గుంపులోనూ పని ఆగలేదు, ఎవరో ఒకరు చేశారు. అందరూ ఆడవాళ్లే ఉన్నచోటా అంతే. అంటే ఇది ఆడవాళ్ల స్వభావం కాదు. పక్కన ఆడమనిషి ఉంటే ఆమే చేస్తుందిలే అని అందరూ ఆగుతారు, ఆమె కూడా అదే అనుకుని లేస్తుంది.

కోడ్_బాబాయ్ | శనివారం ఉదయం 10:40

నిమిషాల లెక్క ఒప్పుకుంటా. లేఆఫ్ భయం అందరిదీ అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

కేకు తెప్పించేది శ్రావణమాసంలో చేరిన ఫ్రెషర్ అమ్మాయి. ఎవరు చెప్పారో నాకు తెలీదు.

చర్చ_నిర్వాహకురాలు | శనివారం ఉదయం 10:48

ఎవరూ చెప్పలేదు, అదే విషయం :) ఈ ముక్క ఇక్కడితో ఆపి, అడిగినావిడ ప్రశ్నకి వద్దాం.

గుంటూరు_టు_ఆస్టిన్ | శనివారం మధ్యాహ్నం 1:15

ఇక్కడ అర్ధరాత్రి దాటింది, ఆన్‌కాల్‌లో మేలుకునే ఉన్నా.

మీ గ్రూపు కథ చదువుతుంటే టెక్‌లో ఆడవాళ్ల కోసం నడిచిన ఇక్కడి పెద్ద సంస్థలు గుర్తొచ్చాయి. విమెన్ హూ కోడ్ 2011లో మొదలైంది. ఎన్నో దేశాలకి పాకింది, మన దేశంలోనూ శాఖలుండేవి. 2024 ఏప్రిల్‌లో డబ్బుల్లేక మూసేస్తున్నామని ఒక్క ప్రకటన, అయిపోయింది. అదే ఏడాది జులైలో గర్ల్స్ ఇన్ టెక్ కూడా. కంపెనీల దగ్గర డబ్బులున్నన్నాళ్లు ఆడవాళ్ల కార్యక్రమానికి స్పాన్సర్లు క్యూ కట్టారు. ఖర్చులు తగ్గించుకునే రోజులొచ్చేసరికి ముందు కోతపడింది అక్కడే. నేను ఒకదానికి వెళ్లేదాన్ని. మూతపడ్డాక పెద్ద లోటు తెలిసింది కానీ, మా టేబుల్ దగ్గర కూర్చునే అయిదారుగురం ఇప్పటికీ నెలకోసారి కలుస్తున్నాం. దానికి స్పాన్సర్ అక్కర్లేదు కదా.

ఇంకా పాత సంగతి ఒకటి. 1987లో ఆపరేటింగ్ సిస్టమ్స్ మీద ఒక పెద్ద సదస్సు జరిగింది, ఈ ఆస్టిన్‌లోనే. వచ్చినవాళ్లలో ఆడవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చట. అక్కడ వాళ్లకి కుదిరిన పరిచయంతోనే అనీటా బోర్గ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 'సిస్టర్స్' అని ఈమెయిల్ లిస్టు మొదలుపెట్టారు. లోగో లేదు, ముఖ్య అతిథి లేదు. సిస్టమ్స్‌లో పనిచేసే ఆడవాళ్లు ఒకరినొకరు అడుగుతారు, తెలిసినవాళ్లు చెప్తారు. దశాబ్దాలు నడిచింది. తొలితరం ప్రోగ్రామర్ గ్రేస్ హాపర్ పేరుతో టెక్ ఆడవాళ్లకి జరిగే పెద్ద సంబరం 1994లో ఆవిడా టెలీ విట్నీ కలిసి మొదలుపెట్టిందే. అంటే లిస్టు ముందు, పండగ తర్వాత. మీ ఆఫీసులో టీ టేబుల్‌ని తీసేసి పండగ పెట్టారు.

వీసా మీద ఉన్నవాళ్లకి ఇక్కడ ఇంకో బరువు. హెచ్1బీ ఉద్యోగం పోతే మామూలుగా అరవై రోజుల గడువు. ఒంట్లో బాగోలేదని చెప్పడానికి కూడా ఆలోచిస్తాం. ఆ మాట మేనేజర్‌కి చెప్పలేం, ఇంటికి ఫోన్ చేసి అమ్మకీ చెప్పలేం, రాత్రంతా ఆవిడ పడుకోదు. ఆ అయిదుగురికే చెప్తాం.

పొదుపు_లెక్క | శనివారం సాయంత్రం 4:30

మాది నెల్లూరు జిల్లా, కావలి దగ్గర పల్లె. మా అమ్మ ఏళ్ల తరబడి పొదుపు సంఘం లీడరు. మీ పోస్టు చదివి వినిపించా. "ఆ పిల్లకి పుస్తకం లేదా?" అనడిగింది. పుస్తకం అంటే మినిట్స్ పుస్తకం, సమావేశంలో ఏం జరిగిందో రాసేది.

మావైపు 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. మరుసటి ఏడాదే రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ ఊపులోనే రోజుకో రూపాయి దాచుకోమని మా జిల్లాలో పొదుపు సంఘాలు పుట్టుకొచ్చాయి. సంఘానికి పది, పదిహేను మంది. ఇప్పటికీ సంఘం బాగా నడుస్తోందా లేదా అని చూడ్డానికి అయిదు సూత్రాలున్నాయి. సమావేశం తప్పకూడదు, పొదుపు తప్పకూడదు, అప్పు సంఘంలోనే తిరగాలి, కిస్తీ వేళకి కట్టాలి, పుస్తకం రాయాలి.

వీటిలో ఎక్కడైనా గెస్టు ఉన్నాడా? పూలున్నాయా?

మా అమ్మ చెప్పేది ఇదీ. ముందు డబ్బు సంగతి మాట్లాడాలి. కట్టావా, ఎంత కావాలి, ఎందుకు కావాలి. "ఎందుకు" దగ్గరికి వచ్చేసరికి మొగుడి తాగుడు, పిల్ల చదువు, కడుపునొప్పి అన్నీ వాటంతటవే బయటికొస్తాయి. మీ మనసులో మాట చెప్పుకోండమ్మా అని కూర్చోబెడితే ఎవరూ నోరు విప్పరు.

మీరూ డబ్బుతోనే మొదలుపెట్టండి. ఎవరి ప్యాకేజీ ఎంత, ఏ లెవెల్, ఎన్నేళ్లకి ప్రమోషన్, కౌంటర్ ఆఫర్ ఎలా అడిగారు. మగవాళ్లు ఈ మాటలు సిగరెట్ దగ్గర ఎప్పుడో మాట్లాడేసుకుంటారు.

వరంగల్_వర్షిణి | శనివారం సాయంత్రం 5:05

పొదుపు_లెక్క అక్కా, మీ అమ్మ మాట బాగుంది గానీ అన్ని సంఘాలు అట్ల ఉండవు. మా ఊర్ల లీడర్ని మార్చాలని కాగితం మీద ఉంటది. సంతకాలు, బ్యాంకు పని తెలిసింది ఒక్కామెకే. ఆమె మా పెద్దమ్మ. ఎవరన్నా కిస్తీ ఎగ్గొడితే తన చేతిలకెళ్లి కట్టి, తర్వాత వాళ్ల గడప చుట్టూ తిరిగేది. ఆమెకి బీపీ వచ్చినంక గాని ఇంకొకామె బ్యాంకుకి పోవుడు నేర్చుకోలే.

అందుకే లీడర్ మారాలని అనుకుంటే సరిపోదు. పాస్‌వర్డులు, హాల్ బుకింగ్, హెచ్‌ఆర్ కాంటాక్టు అన్నీ ఇంకొకరి చేతికి ఇచ్చేయాలి. ఇచ్చినంక వాళ్లు తప్పు చేస్తున్నా చూసి ఊరుకోవాలి. మన తోటి కానిది అదే.

మళ్లీ_మొదలు | శనివారం రాత్రి 9:45

పిల్లల్ని పడుకోబెట్టి వచ్చా. కెరీర్ బ్రేక్ తర్వాత తిరిగి చేరినదాన్ని. దయచేసి మూసేయకండి.

మా ఆఫీసు గ్రూపు నాకేం చేసిందో చెప్తా. యాభై మంది, ఆపైన పనిచేసేచోట క్రెష్ (పసిపిల్లల్ని చూసుకునే చోటు) ఉండాలని, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డని చూసుకోవచ్చని 2017 మెటర్నిటీ సవరణలో ఉంది. సామాజిక భద్రత కోడ్‌లోనూ ఆ నియమం కొనసాగింది. మా ఆఫీసులో క్రెష్ కాగితం మీద ఉంది. "టై అప్ ఉంది" అంటారు, ఎక్కడో అడిగితే చెప్పరు. ఒక్కదాన్నే అడిగితే "చూస్తాం మేడమ్". గ్రూపులో పిల్లల తల్లులందరం కలిసి, సెక్షన్ 11ఏ అని నంబరు వేసి, ఒకే మెయిల్ పంపాం. నెల తిరక్కుండా పక్క బిల్డింగ్‌లో క్రెష్‌కి ఐడీ కార్డులు వచ్చాయి. అక్కడ నీలం రంగు చాపల మీద మా చిన్నది మధ్యాహ్నం పడుకుంటుంటే అద్దంలోంచి చూసి వచ్చి టీమ్ స్టాండప్ మీటింగ్‌లో కూర్చునేదాన్ని.

జుంబా క్లాసు వల్ల నా అలసట తగ్గలేదండీ. ఆ ఐడీ కార్డు వల్ల తగ్గింది.

ఇంకోటి, మీటింగ్ సాయంత్రం ఆరు తర్వాత అస్సలు వద్దు. రాయదుర్గంలో మెట్రో ఎక్కి ఉప్పల్‌లో దిగి, డేకేర్ మూసేలోపు పరిగెత్తేవాళ్లు రాలేరు. రానివాళ్లకే ఎక్కువ అవసరం.

ఐసీలో_ఉన్నా | ఆదివారం ఉదయం 7:20

ఒక జాగ్రత్త. లైంగిక వేధింపుల ఫిర్యాదులు విచారించే మా ఆఫీసు ఇంటర్నల్ కమిటీ (ఐసీ)లో సభ్యురాలిగా చెప్తున్నా.

ఇలాంటి గ్రూపుల్లో వేధింపుల మాట ఎప్పుడో ఒకసారి వస్తుంది. విని, ఓదార్చి, "నేను చూసుకుంటా" అని గ్రూపు నడిపే ఆవిడ నెత్తిన వేసుకుంటుంది. అలా చెయ్యొద్దు. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం పదిమంది, ఆపైన ఉన్న ప్రతిచోటా ఇంటర్నల్ కమిటీ ఉండాలి. రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వడానికి మూడు నెలల గడువు. సరైన కారణముంటే కమిటీ ఇంకో మూడు నెలలు పెంచగలదు. గ్రూపులో చెప్పుకుంటే ఫిర్యాదు ఇచ్చినట్టు కాదు. అక్కడ చెప్పుకుని తేలికపడి, గడువు దాటించుకున్నవాళ్లని చూశాను.

మీ పని ఆమె పక్కన కూర్చుని ఆ కాగితం రాయించడం వరకే. మిగతాది మోయడానికి చట్టం ఇంకొకరిని పెట్టింది.

అర్ధరాత్రి_డిప్లాయ్ | ఆదివారం మధ్యాహ్నం 3:10

ఇన్ని వస్తాయనుకోలేదు. అందరివీ చదివా, కొన్ని మా ఆయనకీ చదివి వినిపించా. 88 నిమిషాల దగ్గర లేచి వెళ్లి గిన్నెలు కడిగారు. ఎన్నాళ్లుంటుందో చూడాలి.

నేననుకుంటున్నది ఇదీ. టీ టేబుల్ ఉంటుంది. లోగో, ఈవెంట్లు, ఫొటోలు హెచ్‌ఆర్‌కి తిరిగి ఇచ్చేస్తా. అవి కావాలనుకుంటే వాళ్ల కేలండర్, వాళ్ల మనుషులు. బుధవారం నాలుగింటికి జీతాలతో మొదలుపెడతాం. కానీ రేపు మేనేజర్‌తో ఎలా అనాలో తెలీడంలేదు. "గ్రూపు పని మానేస్తున్నా" అంటే టీమ్ ప్లేయర్ కాదంటారు.

పదమూడో_అంతస్తు | ఆదివారం సాయంత్రం 4:00

మానేస్తున్నా అనకండి, లెక్క అడగండి. నోటితో కాదు, మెయిల్‌లో. "పోయిన ఆరు నెలల్లో గ్రూపు కోసం ఇంత సమయం పెట్టాను. ఇది నా పనిలో భాగమే అయితే అప్రైజల్ గోల్స్‌లో చేర్చి, దానికి తగ్గట్టు స్ప్రింట్‌లో నాకిచ్చే కోడింగ్ పని తగ్గించండి. భాగం కాకపోతే ఫలానా తేదీ నుంచి ఈవెంట్ల బాధ్యత హెచ్‌ఆర్‌కి అప్పగిస్తాను. ఏదో చెప్పండి." అంతే. క్షమించండి, వీలైతే, మీకు ఇబ్బంది లేకపోతే, ఇలాంటివి ఒక్కటీ వద్దు.

మీ మేనేజర్ ఏది ఎంచుకున్నా మీకు నష్టం లేదు. "రెండూ చెయ్యండి" అని రాతలో పెట్టడానికి చాలామంది వెనకాడతారు.

కోడ్_బాబాయ్ | ఆదివారం సాయంత్రం 4:25

మేనేజర్‌గా చెప్తున్నా, ఆ మెయిల్ నాకొస్తే నాకు ఒళ్లు మండుతుంది. కానీ జవాబివ్వక తప్పదు. పంపండి. సోమవారం పొద్దున మాత్రం వద్దు, మంగళవారం పంపండి.

టెస్టింగ్_తాయారు | ఆదివారం సాయంత్రం 4:27

బాబాయ్ మనవాడే.

వరంగల్_వర్షిణి | ఆదివారం సాయంత్రం 5:50

జీతాలు చెప్పుకుందాం అంటే మొదటి రోజు ఎవరూ చెప్పరు, చూడు. అందరికన్నా పెద్ద పోస్టులో ఉన్నామె ముందు చెప్పాలె. అంటే నువ్వే అక్కా.

రుషికొండ_ఫ్రెషర్ | ఆదివారం రాత్రి 10:20

అందరికీ నమస్తే. విశాఖ రుషికొండలో చిన్న కంపెనీ. మొత్తం ఆఫీసులో ఆడవాళ్లం నలుగురం, అందులో ఒకరు రిసెప్షన్. మా దగ్గర హెచ్‌ఆర్ అంటే ఓనర్ గారి తమ్ముడు. నాలాంటిదానికి గ్రూపు ఎక్కడ? క్లయింటు అమెరికా, రాత్రి పదకొండింటికి కాల్ అయిపోతుంది, పీజీ హాస్టల్లో అందరూ పడుకుంటారు. మాట్లాడ్డానికి మనిషి ఉండదు.

మళ్లీ_మొదలు | ఆదివారం రాత్రి 10:41

అమ్మా, రిసెప్షన్ ఆవిడని కూడా కలుపుకో, విడిగా లెక్కపెట్టకు. ఆఫీసులో ఎవరు ఎప్పుడు వచ్చారో, ఎవరు ఎవరి గదిలోకి వెళ్లారో ఆవిడకి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు.

రాత్రి కాల్ తర్వాత పీజీకి ఎలా వెళ్తున్నావు? క్యాబ్ ఇస్తున్నారా? ముందు అది చెప్పు.

రుషికొండ_ఫ్రెషర్ | ఆదివారం రాత్రి 10:44

లేదండీ. యాప్‌లో ఆటో బుక్ చేసుకుని వెళ్తున్నా. డబ్బులు కూడా నావే.

ఐసీలో_ఉన్నా | ఆదివారం రాత్రి 10:58

అలా కుదరదు. ఆడవాళ్లతో రాత్రిపూట పనిచేయిస్తే ఇంటిదాకా రవాణా, భద్రత కంపెనీ చూడాలి. మీ నలుగురూ ఒకే కాగితం మీద సంతకాలు పెట్టి అడగండి. నీ ఆఫర్ లెటర్‌లో పనివేళలు ఏం రాశారో ఫొటో తీసి, కంపెనీ పేరు చెరిపేసి, నాకు విడిగా పంపు. ఆ కాగితం ఎలా రాయాలో చెప్తా.

విశాఖ_డేటా | ఆదివారం రాత్రి 11:15

నేను ఎండాడలో ఉంటా, వేరే కంపెనీ. మా దగ్గరా ఇద్దరమే. మీ నలుగురూ మా ఇద్దరూ ఆరుగురు. వచ్చే శనివారం పదకొండింటికి రుషికొండ దగ్గర టీ కొట్టులో కలుద్దాం. కంపెనీ పేర్లు వద్దు, ఫొటోలు వద్దు, ఎవరి టీ డబ్బులు వాళ్లవే. పుస్తకం నేను తెస్తా, మొదటిసారి నేనే రాస్తా. రెండోసారి మీ రిసెప్షన్ ఆవిడ.